ఎద్దుల నడక చెప్పిన నీటి గుట్టు

సంతలో ఎద్దును కొనబోయేవాడు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు, పది అడుగులు నడిపించి కాళ్లు చూస్తాడు. మదురైలో ఇప్పుడు బస్సుల రద్దీతో హోరెత్తే మాట్టుతావణి ఒకప్పుడు పశువుల సంత జరిగిన చోటు. ఇక్కడి తెలుగు ఇళ్లలో ఏ పెద్దాయనకైనా ఆ చూపు తెలుసు. తాగే నీళ్లలో దాగిన ఒక విషం మన దేశంలో బయటపడటానికి దారి చూపింది కూడా అలాంటి చూపే. ఆ సంగతి తేలింది 1937లో, నెల్లూరు జిల్లాలో. అప్పటికి మదురై, నెల్లూరు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే.

పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. వానలు తక్కువ, నేలంతా రాయి, తాగడానికి బావి నీళ్లే దిక్కు. అక్కడి రైతులకు అరక కట్టే ఎద్దులతో ఒక చిక్కు వచ్చిపడింది. మేత బాగానే తింటున్నాయి, కానీ కీళ్లు బిగుసుకుపోయి అడుగు తీసి అడుగు వేయలేకపోతున్నాయి. కొన్నేళ్లకు అదే అవస్థ మనుషుల్లోనూ కనిపించింది. నడుం వంగదు, మెడ తిరగదు. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తంగా తిరగాల్సిందే. పిల్లల పళ్ల మీద సుద్ద మచ్చలు, గోధుమరంగు చారలు.

కీళ్లు పట్టేశాయంటే వాతం అనుకోవడం, తైలం రాసి కాపడం పెట్టడం మన ఊళ్లలో అలవాటు. అయితే వాతం ఎద్దుకూ మనిషికీ కలిపి ఒకే ఊళ్లో ఎందుకు వస్తుంది? అంటురోగమైతే పొరుగూరికి ఎందుకు పాకదు? చేలో ఎద్దుకూ, ఇంట్లో రైతుకూ, బడికి పోయే పిల్లవాడికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటి? ఈ ప్రశ్నలకు జవాబు ఆ నీళ్లను చూస్తే దొరికేది కాదు. అవి తేటగా ఉంటాయి, వాసన రాదు, రుచిలో తేడా తెలియదు.

ఈ చిక్కుకు సగం జవాబు అప్పటికే ప్రపంచం అవతలి కొసన దొరికింది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు వచ్చాడు. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన చాలామంది పిల్లల పళ్లు గోధుమరంగు మచ్చలతో ఉండటం చూసి విస్తుపోయాడు. అక్కడి తోటి వైద్యులు మొదట పట్టించుకోలేదు. మెకే మాత్రం దాదాపు 30 ఏళ్లు ఆ మచ్చల వెంటే పడ్డాడు. నీళ్లలోనే ఏదో ఉందని గట్టిగా నమ్మాడు. మామూలు పరీక్షల్లో ఏమీ తేలలేదు, ఎందుకంటే దేనికోసం వెతకాలో ఎవరికీ తెలియదు. చివరికి దారి యాదృచ్ఛికంగా దొరికింది. ఆర్కన్సాలోని బాక్సైట్ అనే ఊళ్లో ఒక అల్యూమినియం కంపెనీ ఉండేది. పిల్లల పళ్లు పాడవడానికి అల్యూమినియమే కారణమని జనం అంటారేమోనన్న బెంగతో ఆ కంపెనీ రసాయనవేత్త చర్చిల్ 1931లో ఆ ఊరి నీళ్లను వర్ణపట పద్ధతితో పరీక్షించాడు. ఎవరూ ఊహించని ఫ్లోరిన్ అందులో బయటపడింది, పది లక్షల పాళ్లలో 13.7 పాళ్లు. మరుసటి ఏడాది డెన్మార్క్ వైద్యులు ఇంకో సంగతి చెప్పారు. ఫ్లోరిన్ ఉన్న క్రయొలైట్ రాతి ధూళిలో పనిచేసే కూలీల ఎముకలు ఎక్స్‌రేలో అతి చిక్కగా, తెల్లగా కనిపిస్తున్నాయి.

పళ్ల సంగతి ఒకచోట, ఎముకల సంగతి మరోచోట బయటపడ్డాయి. ఆ రెండింటినీ ఒకే నీటి బిందెలో చూసే అవకాశం మన తెలుగు పల్లెల వల్ల వచ్చింది.

మద్రాసు గిండీలోని కింగ్ సంస్థలో అప్పుడు హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్ పనిచేస్తున్నాడు. కాలా అజార్ జ్వరం మీద ఏళ్ల తరబడి పరిశోధించిన మనిషి. ఆయనతో సి.జి.పండిట్, నీటి పరీక్షల్లో ఆరితేరిన టి.ఎన్.ఎస్.రాఘవాచారి కలిశారు. మద్రాసు వైద్యులు మెక్‌రాబర్ట్, నాయర్, ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్ మరో పక్కనుంచి చేయి కలిపారు. ఎక్స్‌రేలో వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి కనిపించాయి. ఎముకలను పట్టి ఉంచే నరంలాంటి కట్లు కూడా గట్టిపడి ఎముకగా మారుతున్నాయి. ఆ ఊళ్ల బావి నీళ్లలో ఫ్లోరిన్ లవణమైన ఫ్లోరైడ్ దండిగా ఉందని తేలింది. 1937లో వాళ్ల వ్యాసాలు అచ్చయ్యాయి. తాగే నీటి ఫ్లోరైడ్ మనిషిని అవిటివాణ్ని చేయగలదని మన దేశంలో తొలిసారి రుజువైంది. ఆ వ్యాసాల మీద ఉన్నవి వైద్యుల పేర్లు, ఉండవలసినవే. అయినా ఎద్దు నడక చూసి ఇందులో ఏదో ఉందని పసిగట్టిన రైతులే ఈ కథలో మొదటి పరిశోధకులని నేను నమ్ముతాను.

ఫ్లోరైడ్‌ను పట్టిచ్చే పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. జిర్కోనియం, అలిజరిన్ అనే రంగు కలిపిన ఎర్రటి ద్రవాన్ని నీటి నమూనాలో వేస్తారు. ఫ్లోరైడ్ ఉంటే అది జిర్కోనియాన్ని రంగు నుంచి లాగేసుకుంటుంది, ఎరుపు వెలిసిపోయి పసుపు తేలుతుంది. ఎంత వెలిసిందో చూసి ఎంత ఫ్లోరైడ్ ఉందో లెక్క కడతారు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మేలని, వేరే నీళ్లు దొరకనప్పుడు ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చని ఇప్పుడు మన దేశపు ప్రమాణం.

ఫ్లోరైడ్ బావిలోకి ఎక్కడి నుంచి వస్తుందంటే, రాతిలోంచే. మన దక్షిణాది గ్రానైటు రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు సహజంగా ఉంటాయి. వానలు తక్కువైన చోట నీళ్లు రాతి సందుల్లో ఏళ్ల తరబడి నిలిచి దాన్ని కరిగించుకుంటాయి. నీళ్లలో సున్నం పాళ్లు తక్కువగా, క్షారం ఎక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ కరుగుతుంది. కాచి చల్లార్చితే పోతుందా అంటే పోదు. ఆవిరయ్యేది నీరే కాబట్టి మిగిలిన నీళ్లు ఇంకా చిక్కబడతాయి.

1940లో పండిట్, రాఘవాచారి బృందం మరో అడుగు వేసింది. ఫ్లోరైడ్ ఇంచుమించు ఒకేలా ఉన్న ఊళ్లలో కూడా జబ్బు తీవ్రత ఎందుకు వేరుగా ఉంటుందని వెతికితే తిండి దగ్గర జవాబు కనిపించింది. పోషణ లేని పేద ఒంటిని ఈ విషం ఎక్కువగా పట్టి పీడిస్తుంది. అందులోనూ ఎండలో పనిచేసే కూలీ మిగతావాళ్లకన్నా ఎక్కువ నీళ్లు తాగుతాడు.

జబ్బుకు పేరు దొరికింది, మందు దొరకలేదు. బిగిసిన ఎముక మళ్లీ సడలదు. చేయగలిగింది ఒక్కటే, నీళ్లలోంచి దాన్ని తీసేయడం. అందుకు మొదలైన ప్రయత్నాల్లో ఓటములే ఎక్కువ. ఊకబొగ్గును పటికలో నానబెట్టి చూశారు. తంగేడు బెరడును వాడి చూశారు. నాగపూర్‌లో 1958లో పుట్టి, తర్వాత నీరీ అని పేరు మార్చుకున్న సంస్థ శాస్త్రవేత్తలు రంపపు పొట్టుతో డీఫ్లోరాన్-1 తయారుచేశారు. అది ఫ్లోరైడ్‌ను పట్టింది గానీ, నీటి ఒరవడికి అరిగి కొట్టుకుపోయింది. 1968లో రాతి బొగ్గుతో డీఫ్లోరాన్-2 వచ్చింది. అది బాగానే పనిచేసింది, అయితే మాటిమాటికీ పటిక ద్రావణంతో దాని సత్తువ తిరిగి తేవాలి. ఆ పనికి తెలిసిన మనిషి ఉండాలి. పల్లెలో అలాంటి మనిషిని ఎవరు పెడతారు?

ఇంతలో నల్లగొండ నుంచి కొత్త దిగులు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక సంగతి రాశారు. ఫ్లోరైడ్ ఊళ్లలో ఎదిగే పిల్లలకు మోకాళ్లు ఒకదానికొకటి తగులుతూ పాదాలు దూరంగా విరిగినట్టు వంగుతున్నాయి. నాగార్జునసాగర్ కట్టాక ఊటనీరు పైకి వచ్చిందని, నేల గుణం మారి జొన్నల్లో మాలిబ్డినం పెరిగి పిల్లల ఒంట్లో రాగి తగ్గిందని పరిశోధకులు ఆ తర్వాత వాదించారు. నీళ్లు తేవడానికి కట్టిన డ్యాము పక్క ఊళ్ల పిల్లల కాళ్ల మీదికి వచ్చిందంటే మనసు కలుక్కుమంటుంది.

నీరీ బృందం ఆ నల్లగొండలోనే తమ అసలు పని పూర్తిచేసింది. నౌలాఖే, కులకర్ణి, పాఠక్, బులుసు 1975లో ప్రకటించిన పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరు స్థిరపడింది. ఖరీదైన పదార్థమేదీ ఇందులో లేదు. సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు, ఈ మూడూ కిరాణా కొట్టులో దొరికేవే. నలభై లీటర్ల బకెట్‌కు అడుగు నుంచి కొద్ది ఎత్తున చిన్న కుళాయి బిగించాలి. నీళ్లు నింపి, లెక్క ప్రకారం సున్నం, పటిక, చిటికెడు బ్లీచింగ్ కలిపి ముందు గబగబా, తర్వాత నెమ్మదిగా కలియబెట్టాలి. కాసేపటికి నీళ్లలో తెల్లటి దూదిలాంటి తరకలు లేస్తాయి. ఫ్లోరైడ్ ఆ తరకల్లో చిక్కుకుంటుంది. గంటసేపు కదపకుండా ఉంచితే అవి అడుగుకు దిగిపోతాయి, పైనున్న తేట నీళ్లు కుళాయి తిప్పి పట్టుకోవచ్చు. ఊరంతటికీ కావాలంటే ఇదే పని పెద్ద తొట్లలో చేస్తారు. టాంజానియా దాకా ఆ పద్ధతి నల్లగొండ పేరుతోనే వెళ్లింది.

అయినా ఇది కూడా కడపటి జవాబు కాలేకపోయింది. ఎంత పటిక వేయాలన్నది ఆ బావి ఫ్లోరైడ్‌ను బట్టి, క్షారాన్ని బట్టి మారుతుంది. తక్కువైతే విషం మిగులుతుంది, ఎక్కువైతే నీళ్లు పుల్లబడతాయి. అడుగున దిగిన మడ్డిని రోజూ ఎక్కడ పారబోయాలి? అన్నిటికన్నా ముందు, పొద్దున్నే కూలికి పోయే ఇల్లాలు ప్రతిరోజూ ఈ కొలతలన్నీ ఎలా చూసుకుంటుంది? శాస్త్రవేత్తలు తమ పని చక్కగా చేశారు. ఊరి బాధ్యతను మాత్రం ఒక్కో ఇంటి బకెట్ మీద పెట్టడం సరికాదు.

నల్లగొండ జనం అదే మాటను ఎన్నికల్లో చెప్పారు. కృష్ణా నీళ్లు కావాలని దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి ఉద్యమించింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఒక్క స్థానంలో 480 మంది పోటీకి నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. అదే ఏడాది మన తమిళనాడులో మొడకురిచ్చి శాసనసభ స్థానంలో రైతులు ఇలాగే నామినేషన్లు వేసి అభ్యర్థుల సంఖ్యను 1033కు చేర్చారు. తర్వాతి కాలంలో నల్లగొండకు నది నీళ్లు ఒక్కో పథకంగా రాసాగాయి. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌లో, అప్పటికి ఆ ఫ్లోరైడ్ జిల్లాలోనే ఉన్న చౌటుప్పల్‌లో నిలిపారు.

ఇక్కడ తమిళనాడులో ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లోనూ ఇదే రాయి, ఇదే జబ్బు. కృష్ణగిరి వైపు తెలుగు మాట్లాడే పల్లెలు ఎన్నో. జపాను రుణంతో కట్టిన హొగెనెక్కల్ పథకం 2013లో ఆ ఊళ్లకు కావేరి నీళ్లు తెచ్చింది.

మదురైవాళ్లం ఈ విషయంలో అదృష్టవంతులం. పెరియార్ నీళ్లు 1895లో కొండకు తొలిచిన సొరంగం దాటి ఇటు మళ్లాయి, 1959లో వైగై డ్యాము వచ్చింది. మన కార్పొరేషన్ కుళాయిలో వచ్చేది ప్రధానంగా ఆ నదుల నీరే. చిక్కంతా కుళాయి రాని రోజుల్లో ఉంది. మాట్టుతావణి చుట్టూ లేచిన కొత్త ఇళ్లలో బోరు లేనిది అరుదు, వేసవి ముదిరేకొద్దీ దాన్ని ఇంకా లోతుకు దించుతారు. లోతుకు పోయేకొద్దీ నీళ్లు రాతితో గడిపిన కాలం సాధారణంగా ఎక్కువ. అందుకే బోరు నీళ్లను వంటకు, తాగడానికి వాడే ఇళ్లవాళ్లు తమిళనాడు తాగునీటి బోర్డు జిల్లా ప్రయోగశాలలో ఒకసారి పరీక్ష చేయించాలి. నీళ్లను ప్లాస్టిక్ సీసాలోనే పట్టుకెళ్లాలి, గాజు సీసా అయితే ఫ్లోరైడ్ గాజుతో కలిసి లెక్క తప్పవచ్చు. చిత్తిరై ఎండల్లో ఒకసారి, ఐప్పసి కార్తిక వానలు వెలిశాక ఒకసారి చూపిస్తే, ఆ బోరు ఏ కాలంలో ఎలా ఉంటుందో ఇంటివాళ్లకు కాగితం మీద తెలుస్తుంది.