లేచి నిలబడటమే శ్రమ అయినవారు

పక్కమీంచి లేవగానే నాడి నిమిషానికి నలభై సార్లు అదనంగా కొట్టుకునే పిల్లలున్నారు. పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో, తరచు ఏదో వైరస్ జ్వరం తరువాత, ఇది మొదలవుతుంది. తల తిరుగుతుంది, మెట్లెక్కలేరు, బడి మానేస్తారు. ఈసీజీలో దోషం కనబడదు. దాంతో తప్పు పిల్ల మనసు మీదికి మళ్ళుతుంది. ఈ మళ్ళింపుకు నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది, అది సైనిక ఆసుపత్రులలో మొదలైంది.

అమెరికా అంతర్యుద్ధ కాలంలో, ఫిలడెల్ఫియాలోని టర్నర్స్ లేన్ ఆసుపత్రిలో, జేకబ్ మెండెజ్ డకోస్టా దడ, ఆయాసం, నీరసాలతో వచ్చిన యువ సైనికులను పరిశీలించాడు. పడుకుంటే వారి నాడి నెమ్మదించేది, నిలబడితే పరుగెత్తేది. మూడు వందలకు పైగా రోగులను చూసి 1871లో ప్రచురించిన వ్యాసంలో ఆయన దీన్ని 'ఇరిటబుల్ హార్ట్' అన్నాడు. చాలామంది జ్వరమో విరేచనాలో తగ్గీ తగ్గక ముందే కవాతుకు వెళ్ళినవారని గుర్తించాడు. వారందరికీ నేటి రోగమే ఉందని చెప్పలేం గాని, ఆ వర్ణన చదివిన నేటి వైద్యుడు ఉలిక్కిపడక మానడు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఇదే సమస్య బ్రిటిష్ సైన్యాన్ని వేధించింది. హృద్రోగమన్న ముద్రతో వేలమందిని మంచాన పడుకోబెట్టారు. థామస్ లూయిస్ 1918లో వెలువరించిన 'ది సోల్జర్స్ హార్ట్ అండ్ ది ఎఫర్ట్ సిండ్రోమ్' ఆ ముద్రను ప్రశ్నించిన పుస్తకం. ఆరోగ్యవంతుడు గట్టిగా పరుగెత్తినప్పుడు పొందే అనుభవాలే వీరికి స్వల్పశ్రమకే కలుగుతున్నాయన్నది అందులోని ప్రధాన వాదం. లూయిస్ విశ్రాంతిని తగ్గించి, మెట్టుమెట్టుగా పెంచే కసరత్తు పెట్టాడు. అదే చికిత్స, అదే పరీక్ష కూడా. ఎవరు మళ్ళీ యుద్ధానికి పనికివస్తారో తేల్చడానికీ ఆ కసరత్తే ఉపయోగపడిందన్న సంగతి మరువరాదు. వైద్యుడు అక్కడ ఇద్దరు యజమానుల కొలువులో ఉన్నాడు.

1941లో పాల్ వుడ్ (నీలగిరుల్లోని కూనూరులో పుట్టినవాడే) ఈ స్థితికి మూలం శ్రమ కాదు, భయమని వాదించాడు. అది గొప్ప పరిశీలకుడి వాదం, సగం నిజం కూడా. భయపడిన గుండె, నిలబడలేని గుండె ఒకే నాడీవ్యవస్థ మాట వింటాయి కనుక లక్షణాలు ఒకటిగానే కనిపిస్తాయి. కాని ఆ తరువాత దశాబ్దాలపాటు ఇలాంటి రోగుల మాటను వైద్యులు సులువుగా తోసిపుచ్చడానికి ఆ సగమే చాలింది.

1993లో షాండార్ఫ్, లో అనే ఇద్దరు నాడీవైద్యులు 'పోశ్చురల్ టాకీకార్డియా సిండ్రోమ్' అన్న పేరును స్థిరపరిచారు. రక్తపోటు పెద్దగా పడిపోకుండానే, నిలబడ్డ పది నిమిషాల్లో నాడి పెద్దలకు 30, కౌమారంలో 40 పెరగాలన్నది నేటి కొలమానం. మనసు సంగతి 2009లో ఒక అధ్యయనం తేటపరిచింది. మామూలు ప్రశ్నావళులు గుండెదడనే ఆందోళనగా లెక్కవేస్తాయి. శరీర లక్షణాలను పక్కనపెట్టి అడిగితే, ఈ రోగుల్లో ఆందోళన ఇతరుల కంటే ఎక్కువగా కనబడలేదు. అది పెద్దవారి అధ్యయనం. బడికీ స్నేహితులకూ దూరమై గదిలో మిగిలిన పిల్లకు దిగులు రాదని దాని అర్థం కాదు. ఆ దిగులు తరచు రోగం వెంట వచ్చేది; దాన్నే రోగకారణంగా చూపడం పిల్లకు రెండో దెబ్బ.

లూయిస్ కసరత్తుకు డాలస్‌లో బలం చేకూరింది. 1966లో అక్కడ ఐదుగురు ఇరవై ఏళ్ళ యువకులను మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. వారి గరిష్ఠ శ్రమశక్తి పావువంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తరువాత అదే ఐదుగురిని మళ్ళీ కొలిచినప్పుడు, మూడు దశాబ్దాల వయసు చేసిన నష్టం ఆ మూడు వారాల నష్టం కంటే తక్కువని తేలింది! 2010లో అదే నగరపు పరిశోధకులు కొద్దిమంది పాట్స్ రోగులకు మూడు నెలలు వ్యాయామం చేయించారు. సుమారు సగంమందిలో నాడి కొలమానం కిందికి దిగింది. అయితే వారు ఎవరినీ మొదటే నడిపించలేదు. వెనక్కి వాలి తొక్కే సైకిలు, పడవ తెడ్డు వేసినట్లు చేసే యంత్రం, ఈత ముందు వచ్చాయి. నిలబడి చేసేవి చివర. శ్రమించిన మర్నాడు కుప్పకూలే మరో వర్గం పిల్లలకు ఈ క్రమం కూడా చెరుపు చేయవచ్చు. వారిని వేరుగా గుర్తించాలంటే పరీక్షలకన్నా ముందు మర్నాడు ఎలా ఉందో అడిగి, చెప్పింది నమ్మాలి.