సంగటి బోర్డెక్కిన కథ

రాజుపాలెం నుంచి ప్రొద్దుటూరు వచ్చే దారిలోనూ, అక్కడి నుంచి జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, పులివెందుల వెళ్లే దారుల్లోనూ ఇప్పుడు హోటళ్ల ముందు తరచూ కనిపించే బోర్డు ఒకటుంది: రాగిసంగటి, నాటుకోడి పులుసు. హైదరాబాదులోనూ బెంగళూరులోనూ అయితే రాయలసీమ భోజనమంటే ఇదే అన్నంత పేరు దానికి. యాభై ఏళ్ల కిందట ఈ ఊళ్లలో ఎవరైనా హోటలు పెట్టి సంగటి అమ్ముతామని ఉంటే జనం విడ్డూరంగా చూసేవాళ్లు. ఇంట్లో పొద్దూ మాపూ ఉన్నదాన్ని డబ్బిచ్చి ఎవరు తింటారు? హోటలు ఎప్పుడూ ఇంట్లో దొరకనిదే అమ్ముతుంది. ఇంట్లో దొరకనిది ఏమిటన్నది మాత్రం కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. ప్రొద్దుటూరు తిండి చరిత్రను ఆ వైపు నుంచి చూస్తేనే సరిగ్గా అర్థమవుతుందని నా నమ్మకం.

డబ్బిచ్చి భోంచేయడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు పూటకూటి ఇంటి వర్ణన ఉంది. ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు పెట్టేవాళ్లట. అయితే అది రాజధాని నగరం మాట. కడప సీమలో బాటసారికి చాలాకాలం దిక్కు సత్రమే. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి కడప మీదుగానే వెళ్లాడు. ఆయన యాత్రాచరిత్ర నిండా మజిలీ మజిలీకీ సత్రం ఉందా, అంగళ్లలో సరుకులు దొరుకుతాయా, నీళ్లు ఎట్లా ఉన్నాయి అన్న వివరాలే. వంటవాళ్లను, సామగ్రిని వెంటబెట్టుకుని కదిలే పెద్దమనిషి ఆయన. అంత స్తోమత లేనివాడు సద్దిమూట కట్టుకుని నడిచేవాడు. ఆ మూటలో ఉండేది జొన్నరొట్టె, దాని మీద ఇంత కారం.

ఈ జొన్న సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రాజుపాలెం, పెద్దముడియం, జమ్మలమడుగు, ముద్దనూరు చుట్టూ ఉన్నది నల్లరేగడి. ఆ నేలకు తగిన పంటలు జొన్న, కొర్ర, పత్తి, బుడ్డశనగ. రాగి ఎర్రనేలల పైరు. రాయచోటి, మదనపల్లె వైపు దాని సొంతిల్లు. కాబట్టి నల్లరేగడి పల్లెల్లో తాతముత్తాతలు తిన్న సంగటి చాలావరకు జొన్న సంగటి, కొర్రన్నంతో పాటు. ఇవాళ ఇదే నేల మీద నిలబడి ‘మా సీమ వంట’ అని చెప్పుకునే రాగిముద్ద కొంత పక్క తాలూకాల నుంచి వచ్చిన చుట్టమే. అందులో తప్పేమీ లేదు. ఆ మాటకొస్తే పళ్లెంలో ఉన్నవన్నీ ఎక్కడి నుంచో వచ్చినవే. రాగి, జొన్న రెండూ వేల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి దక్కనుకు చేరాయి. శనగ పడమటి ఆసియాది. ఎండుమిరప అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు ఓడలెక్కి పదహారో శతాబ్దంలో మన రేవులకు వచ్చింది. అంతకు ముందు ఈ సీమలో కారమంటే మిరియాల ఘాటే. ఊరిబిండికి ప్రాణమైన చెనిక్కాయ దక్షిణ అమెరికాది. అది మెట్టసేద్యానికి దన్నుగా నిలిచి సీమంతటా పరుచుకున్నది ఇంకా ఇటీవలి మాట. వేయించిన చెనిక్కాయ విత్తనాలు, మిరపకాయలు, టమోటా, చింతపండు, తెల్లగడ్డ కలిపి రోట్లో కచ్చాపచ్చాగా నూరుకునే ఆ ఊరిబిండి మనకు అనాదిగా ఉన్నట్టే అనిపిస్తుంది. నిజానికి మన ముత్తవ్వ వాళ్ల ముత్తవ్వకు దాని రుచి తెలిసి ఉండదు.

వరన్నం సంగతి వేరు. కర్నూలు–కడప కాలువను ఒక ఇంగ్లీషు కంపెనీ 1860లలో తవ్వింది. అది నష్టాల్లో పడితే 1882లో ప్రభుత్వం కొనేసింది. ఆ నీళ్లు తగిలిన మైదుకూరు, చాపాడు, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో వరిమళ్లు లేచాయి. మిగతా మెట్టపల్లెల్లో వరన్నం పండగకూ పెండ్లికీ బంధువులొచ్చినప్పుడూ వండేది. మధ్యలో 1876–78 నాటి ధాతు కరువు. కడప జిల్లాను చావుదెబ్బ కొట్టిన కరువుల్లో అదొకటి. మళ్లీ 1950ల మొదట్లో వచ్చిన కరువుకు సీమలో గంజి కేంద్రాలు పెట్టాల్సి వచ్చింది. అందుకే ఆ తరంవాళ్లకు జొన్న సంగటి గురించి మురిపెంగా మాట్లాడటం చేతకాదు. అది ఉన్నరోజు తిన్నారు, లేనిరోజు పస్తున్నారు. వాళ్ల కల తెల్లటి అన్నం. ఇప్పుడు చిరుధాన్యాల మహిమ చెప్పేవాళ్లు ఈ మాట మరిచిపోకూడదు.

కాబట్టి ప్రొద్దుటూరులో హోటలన్నది వచ్చినప్పుడు అది అమ్మింది ఈ కలనే. 1915లో మునిసిపాలిటీ అయిన ఊరు ఇది. పత్తి జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు, మగ్గాలు, అన్నిటికీ మించి బంగారు అంగళ్లు. రెండో బొంబాయి అని పేరు పడింది. పత్తి బండి కట్టుకుని రాత్రంతా నడిచొచ్చి తెల్లవారేసరికి మిల్లు ముందు నిలబడే రైతుకు, పెండ్లి నగలు కొనడానికి ఇంటిల్లిపాదితో వచ్చే కుటుంబానికి కడుపులోకి ఏదో ఒకటి కావాలి. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో మద్రాసు రాజధాని ఊళ్లన్నింటిలాగే ఇక్కడా కాఫీ హోటళ్లు, ఇడ్లీ, పూరి, దోశ, మధ్యాహ్నం వరన్నంతో భోజనం వచ్చాయి. ఉడిపి బ్రాహ్మణులు దక్షిణాదంతా పరిచిన పద్ధతి అది. ఊరికి వచ్చి హోటల్లో పూరి తినిపోవడం పల్లెటూరి పిల్లవాడికి ఒక వేడుక.

ఆ వేడుక అందరిదీ కాదు. ‘బ్రాహ్మణ హోటలు’ అన్న బోర్డు మడి గురించి హామీ ఇచ్చేది, ఎవరెక్కడ కూర్చోవాలో కూడా చెప్పేది. పల్లెల్లో టీ అంగళ్ల దగ్గర దళితులకు వేరే గ్లాసులు చాలాకాలం నడిచాయి. స్వాతంత్ర్యం వచ్చి చట్టాలు వచ్చిన తర్వాత కూడా నడిచాయి. ఇప్పుడు ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూడకుండా ఒకే బల్ల మీద నాష్టా చేస్తున్నామంటే దాని వెనక పెద్ద పోరాటమే ఉంది. నా లెక్కలో హోటళ్ల చరిత్రలో రుచుల కన్నా ముందు రాయాల్సింది ఇదే.

హోటలు దోశ బయటి నుంచి వచ్చింది గానీ దాన్ని ఊరు ఊరికే వదిలిపెట్టలేదు. దోశ చాలా పాతది. పన్నెండో శతాబ్దంలో చాళుక్య రాజు సోమేశ్వరుడు రాయించిన ‘మానసోల్లాసం’లోనే ధోసక అన్న వంటకం ఉంది. దాని మీద ఎర్రకారం పూయడం మాత్రం సీమ చేయి. నానబెట్టిన ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు కలిపి మెత్తగా నూరితే ఎర్రకారం. పెనం మీద దోశ సగం కాలగానే గరిటె వెనకభాగంతో అంచు దాకా ఆ కారం రుద్దుతారు. పైన పప్పుల పొడి చల్లుతారు. కారం నూనెలో మగ్గి పచ్చివాసన పోయేదాకా ఆగాలి. తొందరపడి తీస్తే గొంతు మండుతుంది, రుచి తెలియదు. ఆగితే తెల్లగడ్డ తియ్యదనం బయటికొస్తుంది. ‘కారం రోంత ఎక్కువేయి నా’ అని అడిగేవాళ్ల మధ్య నిలబడి ఆ మగ్గే వాసన పీల్చినవాళ్లకు ఇది ఒట్టి కారపు పంతం కాదని తెలుస్తుంది.

ఉగ్గాని కథ ఇంకో తీరు. అది హోటళ్లు నేర్పింది కాదు, మన బొరుగుల బట్టీల నుంచి వచ్చింది. ఉడికించి ఎండబెట్టిన వడ్లను పట్టించి, ఆ బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించి, కాలిన ఇసుకలో పోసి కలియబెడితే చిటపటమని పొంగి బొరుగులవుతాయి. వాటిని బండి దగ్గర పెద్ద గిన్నెలో నీళ్లలో ముంచి, రెండు చేతులతో పిండి పక్కన పెడతారు. నాననిస్తే ముద్దవుతాయి, నానకపోతే గొంతులో పొడి తగులుతుంది. ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, పసుపు, టమోటాతో తిరగవాత పెట్టి అందులో ఈ బొరుగులు వేస్తారు. పప్పుల పొడి వేసి, నిమ్మకాయ పిండి, కొత్తిమీర చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకుండా ఉగ్గాని పొట్లం కట్టరు. బజ్జీకి శనగపిండి, ఉగ్గానికి పప్పుల పొడి కావాలి. రెండూ ఈ చుట్టుపక్కల నల్లరేగడిలో చలికాలం మంచుకు పెరిగే బుడ్డశనగ పెట్టిన బిడ్డలే.

ఉగ్గాని దొరికే ఊళ్ల చుట్టూ గీత గీసి చూడండి. బళ్లారి, అనంతపురం, కర్నూలు, కడప జిల్లా పడమటి భాగం వస్తాయి. 1800లో నిజాము కుంఫిణీకి అప్పజెప్పిన దత్తమండలాల పటం దాదాపు అదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది. అక్కడ దాన్ని ఒగ్గరణె అంటారు, దావణగెరె దాకా అదే పలహారం. రాష్ట్రాలు వేరైనా పొద్దుటి పొట్లం వేరు కాలేదు. ఇంత ఒకే తీరుగా, ఇంత చౌకగా, ఇంత వేగంగా తయారయ్యే నాష్టా సంత దారుల వెంబడి పాకింది తప్ప రాజుల వంటిళ్లలో పుట్టలేదని నేననుకుంటాను. నిప్పు మీద పట్టుమని పది నిమిషాలుండదు. పనికి పోయేవాడి కోసం పుట్టిన వంట.

ప్రొద్దుటూరు తిండిలో ముస్లింల వాటా గురించి పొడిగా చెప్పి వదిలేయడం న్యాయం కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో కడపను మయానా పఠాను నవాబులు ఏలారు. 1779లో హైదరలీ దాన్ని పట్టుకున్నాడు. ఏలికలు పోయినా పొయ్యిలు మిగిలాయి. బిరియాని అందరికీ తెలిసిందే. మన ఊళ్ల ప్రత్యేకత కుష్కా. ముక్కలు లేకుండా అదే మసాలాతో, అదే నేతి వాసనతో వండిన అన్నం. జేబులో డబ్బులు తక్కువున్న రోజున కూడా బిరియాని రుచి అందుతుంది. కూలివాళ్లు, చదువుకునే పిల్లలు దాన్ని నిలబెట్టారు. రంజాన్ నెలలో సాయంత్రం వీధుల్లో నడిస్తే ఉపవాసం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే బట్టీ ముందు నిలబడి ఉంటారు.

ఇక సంగటి. ఇంటి పొయ్యి మీద నుంచి అది ఎందుకు దిగింది? ఒక కారణం 1983. కిలో రెండు రూపాయల బియ్యం పథకం మెట్టపల్లెల్లో పేదింటికి కూడా రోజూ వరన్నాన్ని తెచ్చింది. తరతరాల కల ఒక కార్డు మీద తీరింది. అది చిన్న విషయమని ఎవరూ అనకూడదు. అదే సమయంలో జొన్నచేలు తగ్గి, పొద్దుతిరుగుడు, శనగ లాంటి అమ్ముకునే పంటలు పెరిగాయి. సంగటి చేయడానికి ఓపిక కూడా కావాలి. నూకలు ఉడికాక పైన రాగిపిండి పోసి, మధ్యలో గుంట చేసి, మూతపెట్టి సన్నసెగ మీద మగ్గనిచ్చి, తర్వాత గిన్నెను కాళ్లతో అదిమిపట్టి సంగటి కట్టెతో ఉండ కట్టకుండా కెలకాలి. జబ్బసత్తువ కావాలి. గ్యాసు పొయ్యి మీద, చిన్న గిన్నెలో అది కుదరదు. ఇట్లా ఒక్కో ఇంట్లో వారానికొకసారికి, పండగకొకసారికి జారి, కొన్ని ఇళ్లలో పూర్తిగా మానేశారు.

మానేసిన తర్వాతే అది ఖరీదైంది. తొంభైల తర్వాత బెంగళూరుకూ హైదరాబాదుకూ చదువులకు, ఉద్యోగాలకు పోయిన సీమవాళ్లకు అక్కడ సంగటి మీద గాలి మళ్లింది. వాళ్ల కోసం పుట్టిన ‘రాయలసీమ రుచులు’ తరహా హోటళ్లు సంగటికి నాటుకోడిని జోడించి బోర్డెక్కించాయి. ఇంట్లో సంగటికి రోజూ కోడి ఎక్కడిది? గోంగూర పుల్లగూర, చింతాకు పప్పు, ఎనిగిన పప్పు, ఏదీ లేకపోతే ఎర్రగడ్డ, ఉప్పుకారం. నగరం నుంచి ఆ జత తిరిగి మన దారుల పక్కకు చేరింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక, చక్కెర జబ్బు భయం కూడా తోడై, డాక్టరు రాసిచ్చిన మందులాగా సంగటి తినేవాళ్లు వచ్చారు.

గండికోట చూడ్డానికి వచ్చే జనం జమ్మలమడుగులో దిగి మొదట అడిగేది కూడా ఇదే. గండికోట ఉత్సవాలప్పుడు పెట్టే తిండి అంగళ్లలోనూ దీనికే గిరాకీ. వచ్చినవాళ్లకు నేనైతే ఇంకొకటి చెబుతాను. దసరాకు ప్రొద్దుటూరు రండి. మైసూరు తర్వాత మాదే అని ఊరు గర్వంగా చెప్పుకునే దసరా. అమ్మవారిశాలలో కన్యకాపరమేశ్వరికి రోజుకో అలంకారం. రాత్రి ఊరేగింపు కోసం పల్లెలన్నీ పట్నంలో దిగుతాయి. ఆ తొమ్మిది రాత్రులూ బజ్జీల బాణలి కింద మంట ఆరదు. మసాలా బొరుగులు, జిలేబీ, ఉడికించిన చెనిక్కాయలు, దోశ బండ్లు, అన్నీ ఒకచోటే. మరుసటి పొద్దున అదే వీధిలో ఉగ్గాని. సాయంత్రం దారి పక్క పొయ్యి ముందు కూర్చుని చేత్తో జొన్నరొట్టె తట్టే ఆడవాళ్ల దగ్గర రెండు రొట్టెలు కట్టించుకోండి. నల్లరేగడి అసలు రుచి అక్కడుంది.

ఇప్పుడు ఓళిగల వంతు వచ్చింది. ఉగాదికి ఇంట్లో పూర్ణం రుబ్బి, పిండి సాగదీసి చేసుకునే ఓళిగలు ఏడాది పొడవునా బండి మీద వేడివేడిగా దొరుకుతున్నాయి. వేరే ఊళ్లకు పార్శిళ్లు కట్టి పంపుతున్నారు. జొన్న సంగటి మాత్రం రాగిసంగటిలా ఇంకా బోర్డుల మీదికి రాలేదు. రాజుపాలెం చుట్టుపక్కల కొన్ని ఇళ్లలో అది ఇప్పటికీ పొయ్యి మీదే ఉంది.