పీటర్‌మారిట్స్‌బర్గు స్టేషను

1893 జూను 7 వ తేదీ రాత్రి, దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్స్‌బర్గు స్టేషనులో, మొదటి తరగతి టిక్కెట్టుండియు గాంధీగారిని బండినుండి దింపివేసిరి. పైకోటు సామానులో నుండెను. అడిగిన మరల నవమానింతురని యెంచి, వారు దీపములేని గదిలో చలికి వడఁకుచుఁ గూర్చుండిరి.

దంతాలపల్లి బాలుర కీ కథ చెప్పుచుండఁగా నొకఁడు, "అయ్యా, ఆ పట్టాలమీఁదఁ బనిచేసినవా రెవరు?" అని యడిగెను. ఆ ప్రశ్న మా కెన్నఁడును దోఁపనందుకు సిగ్గుపడితిమి. 1860 నవంబరు 16 న చెన్నపట్టణమునుండి ట్రూరో యను నోడ డర్బను చేరినది మొదలు, తెలుఁగువారును అరవవారును ఒడంబడిక కూలీలై నాతాలు చెఱకుతోఁటలలోను, రైల్వేలోను చాకిరి చేసిరి. వారి యవమానములకుఁ దేదీలు లేవు.

గాంధీగారిని దింపిన తెల్లవారిపై మనకుఁ గోపము వచ్చుట న్యాయమే. కాని, మన యరుగుమీఁదినుండి మనము దింపినవారి లెక్క యెవరు వ్రాసిరి?