కదిలే పందేనికి కదిలే కెమెరా

రోడ్డు సైకిల్ పందెం ప్రేక్షకుడు ఒకచోట కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూడగలిగిన ఆట కాదు. దారి పక్కన గంటల తరబడి నిలబడినవాడికి దక్కేది గుంపు దూసుకుపోయే అర నిమిషమే కాగా, మిగిలిన 150 లేదా 200 కిలోమీటర్లలో ఏం జరిగిందో ఎవరో ఒకరు చెబితే తప్ప అతనికి తెలియదు. ఈ 'చెప్పడం' అనే అవసరాన్ని ఆసరా చేసుకునే ఈ పందేలు పుట్టాయనడం అతిశయోక్తి కాదు. 1903లో ఆన్రీ దెగ్రాంజ్ సంపాదకత్వంలోని 'లోటో' అనే క్రీడాపత్రిక తన అమ్మకాలు పెంచుకోవడానికి టూర్ ద ఫ్రాన్స్‌ను మొదలుపెట్టగా, 1909లో ఇటలీలో 'గజెట్టా దెల్లో స్పోర్ట్' అదే ఉద్దేశంతో జీరో దితాలియాను ప్రారంభించింది. లోటో పసుపు కాగితంపైనా, గజెట్టా గులాబి కాగితంపైనా అచ్చయ్యేవి కనుకనే ఆ రెండు పందేల్లో ముందంజలో ఉన్నవారు నేటికీ ఆ రంగుల చొక్కాలే తొడుగుతున్నారు.

పత్రిక మరునాడు చెప్పే కథను రేడియో ఆ రోజే చెప్పసాగింది, కాని అందుకోసం విలేకరి మోటార్‌సైకిల్ ఎక్కి పందెంతోపాటు పరుగెత్తవలసి వచ్చింది. ఆ పరుగు ఎంత ప్రమాదకరమో 1957లో తేలింది: ఫ్రెంచి రేడియో వ్యాఖ్యాత అలెక్స్ విరో, ఆయన బండి నడిపిన రెనె వాగ్నర్ టూర్ స్పెయిన్ గడ్డపై సాగుతుండగా లోయలో పడి చనిపోయారు.

టెలివిజన్ మాత్రం తొలుత ఉన్నచోటు వదలకుండానే పని కానిచ్చింది. 1948లో జినో బార్తాలి గెలిచిన టూర్‌లో చివరి అంచె (ఒక్కో రోజు పరుగును అంచె అంటారు) పారిస్‌లోని పార్క్ దె ప్రాన్స్ మైదానంలో ముగియగా, ఆ ముగింపు టూర్ చరిత్రలో తొలి ప్రత్యక్ష ప్రసారమైంది. కెమెరాలు కదలకుండా ఉండి, సైకిళ్లే వాటి ముందుకు రావడం వల్ల అది సాధ్యపడింది. అసలు చిక్కు గమ్యం దగ్గర కాదు, దారిలో ఉంది. పిరనీస్ పర్వతాల్లోని ఒబీస్క్ కనుమ నుంచి 1958లో ప్రత్యక్ష దృశ్యాలు చూపగలిగారు, మరుసటి ఏడు హెలికాప్టర్లు రంగంలోకి దిగాయి. 1960ల తొలినాళ్లలో పందేన్ని మరింత విస్తృతంగా ప్రసారం చేయాలనుకున్నప్పుడు అడ్డుపడింది కొండలు కాదు, ప్రాంతీయ పత్రికలు. తమ పాఠకులు తెరకు అతుక్కుపోతారని వాటి భయం. పత్రిక కన్న పందేనికి పత్రికలే అడ్డుతగలడం ఈ చరిత్రలో చమత్కారమైన మలుపు.

దృశ్యం ప్రయాణించే తీరు ఇది: మోటార్‌సైకిల్ వెనుక సీట్లో కూర్చున్న కెమెరామన్ తీసిన బొమ్మ మైక్రోవేవ్ తరంగాలుగా ఆకాశంలోకి వెళ్తుంది, పైన తిరుగుతున్న హెలికాప్టరో విమానమో దాన్ని అందుకుని, గమ్యం దగ్గర నిలిచిన ప్రసార వాహనాలకు పంపుతుంది, దర్శకుడు ఎంచిన దృశ్యం అక్కడి నుంచి ఉపగ్రహం ద్వారా ప్రపంచమంతటికీ చేరుతుంది. ఈ తరంగాలు దాదాపు సరళరేఖలో పోతాయి కనుక పంపేదీ అందుకునేదీ ఒకదానికొకటి కంటపడాలి, మధ్యలో కొండ వస్తే బొమ్మ తెగిపోతుంది. ఈ నియమం పులికాట్ సరస్సు ఒడ్డునున్న తడ ప్రాంతానికి కొత్త కాదు. ఆ సరస్సు ఆవలి శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం నుంచి ఎగసిన రాకెట్ దిగంతం దాటిన తరువాత అక్కడి యాంటెన్నాలకు అందదు కనుకనే పోర్ట్ బ్లెయిర్‌లోనూ, బ్రూనైలోనూ, ఇండోనేషియాలోని బియాక్‌లోనూ ఉన్న కేంద్రాలు దాని సంకేతాలను వంతులవారీగా అందుకుంటాయి. రాకెట్ ఏ క్షణాన ఎక్కడ ఉండాలో ముందే లెక్కగట్టి ఉంటుంది. సైకిల్ పందెంలో దారి తెలుసు తప్ప ఆ దారిలో ఎవరు ఎక్కడ విడిపోతారో ఎవరికీ తెలియదు, కాబట్టి ఈ ఒక్క విషయంలో సైకిలే కష్టమైన గురి.

ఆకాశంలోని లంకె తెగితే ఏమవుతుందో 2021 మే 24న జీరో ప్రేక్షకులు చూశారు, సరిగ్గా చెప్పాలంటే చూడలేకపోయారు. డోలమైట్ కొండల్లో వానా చలీ ముదరడంతో ఆ రోజు అంచెనే కుదించారు, విమానాలు ఎగరలేక జావ్ కనుమ మీది పోరాటంలో చాలాభాగం తెరకెక్కనే లేదు. కొలంబియాకు చెందిన ఎగాన్ బెర్నాల్ కోర్తీనా పట్టణంలో గీత దాటబోయే ముందు, వణికించే ఆ చలిలోనూ, పైకోటు విప్పి గులాబి చొక్కా కనిపించేలా చేశాడు. ఆటగాడికి సైతం తన గెలుపు బొమ్మలో పడడం ఎంత ముఖ్యమో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

దృశ్యం అందినా దాన్ని అర్థమయ్యేలా చెప్పడం మరో పని. 'పెలోటాన్' అనే ప్రధాన గుంపుకూ, దాన్ని విడిచి ముందుకు పారిపోయినవారికీ మధ్య ఎడం ఎంతో తెలియకపోతే ఆ బొమ్మలో ఉత్కంఠ ఉండదు. మోటార్‌సైకిల్‌పై వెళ్లే ఒక మనిషి పలకమీద సుద్దతో రాసి ఆటగాళ్లకు చూపే ఈ లెక్కను, 2015 నుంచి టూర్‌లో సీటు కింద అమర్చిన జీపీఎస్ పరికరాలు క్షణక్షణం అందిస్తున్నాయి.

పందేన్ని చూపించే వాహనాలు పందేన్నే చెడగొట్టిన సందర్భాలూ లేకపోలేదు. 2011 టూర్‌లో ఫ్రెంచి టెలివిజన్ కారు హ్వాన్ ఆంటోనియో ఫ్లెచాను ఢీకొనగా, పక్కనున్న జానీ హూగర్లాండ్ ముళ్లకంచెపై పడ్డాడు. 2016లో మాంట్ వెంటూ కొండపై జనం కిక్కిరిసి కెమెరా మోటార్‌సైకిల్ ఆగిపోగా, రిచీ పోర్ట్ దాన్ని గుద్దుకున్నాడు, వెనుకనే వచ్చిన క్రిస్ ఫ్రూమ్ సైకిల్ విరిగి కాలినడకన పరుగెత్తాడు. ఇవి కంటికి కనిపించే కీడులు. ముందు వెళ్లే మోటార్‌సైకిల్ గాలిని చీల్చి వెనుక ఉన్నవాడికి శ్రమ తగ్గించడం కనిపించని కీడు.

2017 నుంచి టూర్‌లోని ప్రతి అంచెనూ ఆరంభం నుంచి ముగింపు వరకు చూపుతున్నారు. ఏమీ జరగని గంటలను హెలికాప్టర్ తీసిన కోటలూ పొద్దుతిరుగుడు తోటలూ నింపుతుంటాయి. వాటి కోసమే చూసేవారు తక్కువేమీ కాదు. భారతదేశంలో 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల రోడ్డు పందేన్ని రాజధాని నడిబొడ్డున నిర్వహించారు కనుక ప్రసారకులకు కనుమల బెడద తప్పింది. అదే పందెం సూళ్లూరుపేట నుంచి పులికాట్ మీదుగా శ్రీహరికోటకు పోయే తిన్నని దారిలో జరిగితే కొండల అడ్డే ఉండదు. అయితే సముద్రపు గాలి పక్క నుంచి కొడితే గుంపు ఏటవాలు వరుసలుగా చీలిపోతుంది, ఆ చీలిక నేలమీది కెమెరాకు సరిగా చిక్కదు. దాన్ని చూపాలంటే హెలికాప్టర్ కావాలి, అంతరిక్ష కేంద్రం పక్కన దానికి అనుమతి దొరకడం వేరే సంగతి.