పాత జావా, అంబాసిడర్ ఇంట్లో ఉందా? తుక్కుకు వేసే ముందు ఈ రూల్స్ తెలుసుకోండి

తాతగారి బండి షెడ్డులో దుమ్ము పట్టి ఉందా? పాత సామాన్లవాళ్లకు ఇచ్చేద్దాం అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ముందు ఆర్‌సీ బయటికి తీసి, బండి మొదట ఏ ఏడాది రిజిస్టర్ అయ్యిందో చూడండి.

కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో తెచ్చిన రూల్స్ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బైకులు, కార్లు ‘వింటేజ్’ కిందకి వస్తాయి. మరి మన రోడ్లను ఏలిన ఆ క్లాసిక్స్ ఏంటో ఓ లుక్కేద్దాం.

రోల్స్ రాయిస్: 1912 నాటి ఈ పసుపు రంగు కారు హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. కారు చేతికి రాకముందే, 1911లో ఆయన కన్నుమూశారు.

అంబాసిడర్: బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దీనికి మూలం. బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా ప్లాంట్‌లో తయారీ 2014లో ఆగిపోయింది.

పద్మిని: ఒకప్పటి ఫియట్ 1100. 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అయ్యింది. గేర్ రాడ్ స్టీరింగ్ పక్కనే!

జావా: 1961 నుంచి మైసూరులో తయారైంది. కిక్ రాడ్డే మడిస్తే గేర్ రాడ్ అయిపోతుంది. తర్వాత ఇదే యెజ్డీగా మారింది.

చేతక్: 1972లో వచ్చిన బజాజ్ స్కూటర్. పేరు మహారాణా ప్రతాప్ గుర్రానిది.

ఇక ఆర్ఎక్స్ 100 ఫ్యాన్స్ కాస్త ఆగాల్సిందే. ఆ బండి వచ్చిందే 1985లో. అంటే మొదటి బ్యాచ్ బండ్లకు కూడా 2035 దాకా ఛాన్స్ లేదు. అప్పటిదాకా మామూలు రూలే. 15 ఏళ్లు దాటాక ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుంటూ ఉండాలి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ ఫీజు రూ.20,000. పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత రీ-రిజిస్ట్రేషన్‌కి రూ.5,000. కొత్త నంబర్లలో రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అని ఉంటుంది. ఇప్పటికే రిజిస్టరైన బండి అయితే పాత నంబరే ఉంచుకోవచ్చు. కానీ రోజూ ఆఫీసుకి వేసుకెళ్తామంటే కుదరదు. ఎగ్జిబిషన్లు, వింటేజ్ ర్యాలీలు, పెట్రోల్, రిపేర్ లాంటి పనులకే రోడ్డెక్కాలి. కిరాయికి అస్సలు తిప్పకూడదు.

అన్నిటికంటే ముఖ్యం ఇంకోటుంది. బండి ఒరిజినల్‌గానే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేస్తే వింటేజ్ హోదా రాదు. అందుకే మెకానిక్ ‘వేరే ఇంజిన్ వేసేద్దాం అన్నా’ అంటే తొందరపడి సరే అనకండి.