జె-పాప్ 2023: ఒకవైపు గ్లోబల్ నంబర్ వన్.. మరోవైపు బయటపడ్డ దశాబ్దాల చీకటి

2023 ఏప్రిల్ 12. ఆ రోజే 'యోఆసోబి' పాట 'ఐడల్' రిలీజైంది. సరిగ్గా అదే రోజు టోక్యోలోని విదేశీ జర్నలిస్టుల క్లబ్‌లో ఓ యువ గాయకుడు మైక్ ముందు కూర్చున్నాడు. జపాన్‌లోనే అతిపెద్ద బాయ్ బ్యాండ్ ఏజెన్సీలో ట్రైనీగా ఉన్నప్పుడు తనపై జరిగిన లైంగిక దాడుల గురించి బయటపెట్టాడు. జపాన్ పాప్‌కి ఆ ఏడాదంతా ఈ రెండింటి చుట్టూనే తిరిగింది.

ముందు పాట సంగతి చూద్దాం. యోఆసోబి అంటే ఇద్దరే.. ట్యూన్లు కట్టే అయాసే, పాడే ఇకురా. కథల్ని పాటలుగా మార్చడం వీళ్ల స్పెషాలిటీ. 'ఓషి నో కో' అనే యానిమే సిరీస్ కోసం చేసిన 'ఐడల్' కూడా అంతే. నవ్వుతూ కనిపిస్తూ నిజాలు దాచుకునే ఓ పాప్ స్టార్ కథ. బిల్‌బోర్డ్ జపాన్ హాట్ 100లో వరుసగా 21 వారాలు టాప్‌లో నిలిచింది. జూన్‌లో అమెరికాని మినహాయించి లెక్కగట్టే బిల్‌బోర్డ్ గ్లోబల్ చార్ట్‌లోనూ నంబర్ వన్! ఓ జపాన్ పాటకు ఆ స్థానం దక్కడం అదే ఫస్ట్ టైమ్.

ఇక రెండోది. స్మాప్, అరాషి లాంటి గ్రూపుల్ని తయారుచేసిన ఏజెన్సీ 'జానీస్'. దాని ఫౌండర్ జానీ కిటగావా 2019లో 87 ఏళ్ల వయసులో చనిపోయాడు. బతికున్నన్నాళ్లూ ఒక్క క్రిమినల్ కేసు కూడా లేదు. అలాగని ఎవరికీ తెలియదా అంటే.. తెలుసు! ఓ వారపత్రిక 1999లోనే వరుస కథనాలు రాసింది. వేధింపుల ఆరోపణలు నిజమేనని 2003లో టోక్యో హైకోర్టు కూడా చెప్పింది. అయినా పెద్ద పేపర్లు, టీవీలు పట్టించుకోలేదు. 2023 మార్చిలో బీబీసీ డాక్యుమెంటరీ వచ్చాకే కదలిక మొదలైంది. ఆగస్టులో విచారణ బృందం ఇచ్చిన రిపోర్ట్ మీడియా మౌనాన్ని కూడా తప్పుబట్టింది. టీవీలో పనిచేసేవాళ్లకి చదవడానికి కాస్త ఇబ్బందిగా ఉండే పేజీలవి.

సెప్టెంబర్ 7న ఏజెన్సీ తప్పు ఒప్పుకుంది. ప్రెసిడెంట్‌గా ఉన్న కిటగావా మేనకోడలు జూలీ ఫుజిషిమా రాజీనామా చేశారు. అక్టోబర్‌లో కంపెనీ పేరు 'స్మైల్-అప్'గా మారింది. ఇక బాధితులకు పరిహారం ఇవ్వడమే దాని పని. డిసెంబర్ 31 రాత్రి ఎన్‌హెచ్‌కే 'కోహకు' షోలో ఆ ఏజెన్సీ సింగర్ ఒక్కరూ కనిపించలేదు. 44 ఏళ్లలో ఇదే మొదటిసారి. అదే స్టేజ్‌పై యోఆసోబి 'ఐడల్' పాడింది.

రాక్ అభిమానులకైతే ఆ ఏడాది వరుస విషాదాలే. జనవరి 11న యుకిహిరో తకహాషి కన్నుమూశారు. మన 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన మార్చి నెలలోనే, 28న ర్యూయిచి సకమోటో వెళ్లిపోయారు. 'ది లాస్ట్ ఎంపరర్' సంగీతానికి ఆయనా ఆస్కార్ అందుకున్నవారే. ఇద్దరూ ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా సభ్యులు. ముగ్గురిలో ఇక మిగిలింది హరువోమి హొసోనో మాత్రమే. అక్టోబర్‌లో ఎక్స్ జపాన్ బాసిస్ట్ హీత్, నవంబర్‌లో యుసుకే చిబా.. ఇద్దరికీ 55 ఏళ్లే.

బక్-టిక్ సింగర్ అత్సుషి సకురాయ్‌ది మరీ దారుణం. అక్టోబర్ 19న యోకోహామాలో పాడుతుండగానే అస్వస్థతకు గురయ్యారు. ఆ రాత్రే ఆస్పత్రిలో చనిపోయారు. వయసు 57. ఏటా డిసెంబర్ 29న టోక్యో బుడోకాన్‌లో షో చేయడం ఆ బ్యాండ్‌కి అలవాటు. ఆ ఏడాదీ ఆపలేదు. మిగిలిన నలుగురూ స్టేజ్ ఎక్కి వాయించారు. గొంతు మాత్రం సకురాయ్‌దే.. రికార్డింగ్‌లోంచి.