బీజగణితంతో భౌతికశాస్త్రం: ఒక సూత్రం చరిత్ర

పరిచయం

ఈ కోర్సులో మీకు మొదట్లోనే ఎదురయ్యే సూత్రాలలో ఒకటి ఇది. నిశ్చలస్థితి నుంచి బయలుదేరిన వస్తువు సమత్వరణంతో కదిలితే,

దూరం = ½ × త్వరణం × (కాలం)²

చూడటానికి ఒక్క పంక్తి. దీన్ని కంఠస్థం చేయడానికి రెండు నిమిషాలు చాలు. కానీ మనిషి దీన్ని ఇలా రాయగలగడానికి కొన్ని వందల సంవత్సరాలు పట్టింది.

సంపర్క తరగతులలో ఏటా ఎవరో ఒకరు నన్ను ఈ ప్రశ్న అడిగేవారు: “కలన గణితం లేకుండా చెప్పే ఈ ఫిజిక్స్ అసలైన ఫిజిక్సేనా సార్? లేక మాలాంటివాళ్ళ కోసం తేలిక చేసి ఇచ్చిందా?” అడిగినవారిలో ఇంటర్‌లో ఆర్ట్స్ చదివినవారు ఉండేవారు. చదువు ఆపేసిన పదేళ్ళకు మళ్ళీ పుస్తకం పట్టినవారూ ఉండేవారు. తమకు దొరుకుతున్నది రెండో రకం చదువేమోనన్న బాధ ఆ ప్రశ్నలో ఉండేది. అలా అనుకుని మధ్యలోనే మానేసినవారిని కూడా నేను చూశాను. ఆ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. దాన్ని ఇప్పుడు పరిశీలిద్దాం.

వాలుతలం మీద కంచు గోళం

గెలీలియో గెలీలీ (1564–1642) ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో 1592 నుంచి 1610 వరకు గణితం బోధించాడు. పడే వస్తువు వేగం ఏ నియమం ప్రకారం పెరుగుతుందన్నది అతని ప్రశ్న. పైనుంచి వదిలిన రాయి క్షణాల్లో నేలను తాకుతుంది. ఆ కొద్ది వ్యవధిని కొలవగల గడియారం అప్పట్లో లేదు. అందుకని గెలీలియో పతనాన్ని నెమ్మది చేశాడు. సుమారు 12 మూరల పొడవున్న కొయ్య దూలంలో సన్నని గాడి తొలిపించి, లోపల నున్నటి తోలుకాగితం అతికించి, దూలాన్ని ఒకవైపు పైకెత్తి, గాడిలో కంచు గోళాన్ని దొర్లించాడు.

కాలాన్ని నీటితో కొలిచాడు. పెద్ద పాత్ర అడుగున సన్నని గొట్టం అమర్చి, గోళం దిగుతున్నంతసేపూ కారిన నీటిని పట్టి, త్రాసులో తూచాడు. నీటి బరువుల నిష్పత్తే కాలాల నిష్పత్తి. ఈ ప్రయోగాన్ని నూరుసార్లు చేసి చూశామని ఆయన రాశాడు.

తేలినది ఇది: కాలాలు 1, 2, 3 నిష్పత్తిలో ఉంటే దూరాలు 1, 4, 9 నిష్పత్తిలో ఉంటాయి. మరోలా చెప్పాలంటే, వరుసగా వచ్చే సమాన కాలవ్యవధులలో గోళం దొర్లే దూరాలు 1, 3, 5, 7 అనే బేసి సంఖ్యల వరుసలో ఉంటాయి.

ఒక విషయం గమనించండి. 1604లో మిత్రుడు పావ్లో సార్పికి రాసిన లేఖలో గెలీలియో ఈ దూరాల నియమాన్ని సరిగానే చెప్పాడు, కానీ దానికి తప్పు కారణం ఇచ్చాడు. వేగం దూరానికి అనుపాతంలో పెరుగుతుందని అనుకున్నాడు. వేగం పెరిగేది కాలానికి అనుపాతంలో అని తరువాతే గ్రహించాడు. మొదటిసారి చదివినప్పుడు మీరు కూడా ఇదే పొరపాటు చేస్తే సిగ్గుపడనక్కరలేదు.

అక్షరాలు లేని సూత్రం

ఈ ఫలితాలు 1638లో హాలండ్‌లోని లైడెన్ నగరంలో అచ్చయిన గెలీలియో గ్రంథంలో వెలువడ్డాయి. ఆ గ్రంథంలో మనం పైన రాసిన సూత్రం ఎక్కడా కనిపించదు. అన్నీ మాటల్లో, రేఖాచిత్రాల్లో, నిష్పత్తులలో ఉంటాయి. యూక్లిడ్ నేర్పిన నిష్పత్తుల పద్ధతిలో ఒకే జాతి రాశులనే పోల్చాలి: దూరాన్ని దూరంతో, కాలాన్ని కాలంతో. దూరాన్ని కాలంతో భాగించడం ఆ పద్ధతికి సమ్మతం కాదు. కాబట్టి “వేగం = దూరం ÷ కాలం” అని మీరు మొదటి పాఠంలోనే రాసే పంక్తిని గెలీలియో రాయలేదు.

మరి సూత్రంలోని ½ ఎక్కడిది? 14వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాల పండితులు ఒక సిద్ధాంతం చెప్పారు. వేగం సమంగా పెరుగుతూ ఉంటే, ఆ వస్తువు పోయే దూరం, సగటు వేగంతో అంతే కాలం కదిలిన వస్తువు పోయే దూరానికి సమానం. అదే శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన నికోల్ ఒరెమ్ దీన్ని బొమ్మ గీసి చూపాడు. అడ్డంగా కాలం, నిలువుగా వేగం గీస్తే త్రిభుజం వస్తుంది. దాని వైశాల్యమే దూరం. త్రిభుజ వైశాల్యంలోని సగమే మన సూత్రంలోని ½. న్యూటన్, లైబ్నిజ్‌ల కలన గణితం రావడానికి మూడు శతాబ్దాల ముందు సంగతి ఇది.

అక్షరాలు వచ్చిన దారి

తెలియని రాశికి పేరు పెట్టి లెక్క చేయడం మన దేశంలో చాలా పాతది. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన గ్రంథంలో అవ్యక్తరాశులను రంగుల పేర్లతో వేరు చేశాడు. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు ‘బీజగణితం’ రాశాడు. మీ పాఠ్యపుస్తకంలో ఉన్న మాట అదే.

ఐరోపాలో రాబర్ట్ రికార్డ్ 1557లో సమాన చిహ్నాన్ని ప్రవేశపెట్టాడు. 1591లో ఫ్రాంస్వా వియెట్ తెలిసిన రాశులకూ తెలియని రాశులకూ అక్షరాలు వాడాడు. నేడు మనం వాడే ఎక్స్, వై, జెడ్ 1637లో డెకార్ట్ గ్రంథంతో స్థిరపడ్డాయి. ఆ గ్రంథం అచ్చయింది కూడా లైడెన్‌లోనే, గెలీలియో గ్రంథానికి సరిగ్గా ఒక ఏడాది ముందు. అంటే భౌతిక నియమమూ దాన్ని రాయగల లిపీ ఒకే ఊళ్ళో, ఏడాది తేడాతో అచ్చయ్యాయి. అయినా ఆ రెండూ కలవడానికి చాలా కాలం పట్టింది. న్యూటన్ సైతం 1687 నాటి ‘ప్రిన్సిపియా’ను ఎక్కువగా జ్యామితి భాషలోనే రాశాడు.

యాంత్రికశాస్త్రాన్ని సమీకరణాల భాషలోకి క్రమపద్ధతిలో మార్చినవాడు ఆయిలర్. 1736లో వెలువడిన తన గ్రంథం ముందుమాటలో ఆయన ఒక సంగతి ఒప్పుకున్నాడు. జ్యామితి పద్ధతిలో రాసిన పరిష్కారాలు చదివితే అర్థమైనట్టే ఉండేవట. ప్రశ్నను కాస్త మార్చి ఇస్తే తాను చేయలేకపోయేవాడట. మీరు పరీక్షలో పడే ఇబ్బందే ఆయిలర్‌కూ ఎదురైంది. దానికి ఆయన వెదికిన మందు సమీకరణాలు. ఆయన వాడినవి కలన గణిత సమీకరణాలే అయినా, అక్షరాలతో లెక్క చేసే మెలకువ మాత్రం బీజగణితానిదే.

మీరు చేయవలసినది

ఈ చరిత్ర నుంచి మీ చదువుకు పనికివచ్చేవి మూడు.

మొదటిది, సూత్రాన్ని ముందు నిష్పత్తిగా చదవండి. బావిలో వదిలిన రాయి 1 సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. 2 సెకన్లు పడితే? కాలం రెట్టింపు, కాబట్టి దూరం నాలుగు రెట్లు: 19.6 మీటర్లు. ఇక్కడ మీరు చేసింది గెలీలియో చేసిన ఆలోచనే.

రెండవది, ప్రమాణాలను వదలకండి. దూరాన్ని కాలంతో భాగించే స్వేచ్ఛను బీజగణితం మనకిచ్చింది. ఆ స్వేచ్ఛతో వచ్చిన బాధ్యత ప్రమాణాలు. జవాబు చివర ‘మీటర్లు’ రాయవలసినచోట ‘సెకన్లు’ వస్తే, లెక్కలో ఎక్కడో తప్పు జరిగిందని అర్థం.

మూడవది, ఈ పద్ధతి హద్దు తెలుసుకోండి. త్వరణం స్థిరంగా ఉన్నంతవరకు మన సూత్రం చాలు. త్వరణం క్షణక్షణం మారితే, ఉదాహరణకు ఇంధనం తగ్గుతూ పైకెళ్ళే రాకెట్ విషయంలో, కలన గణితం కావాలి. అవసరమైన రోజున అది నేర్చుకోవచ్చు.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. మీరు చదువుతున్నది తేలిక చేసి ఇచ్చిన ఫిజిక్స్ కాదు. పతన నియమాన్ని కనుగొన్నవాడి దగ్గర కలన గణితం లేదు, సమీకరణాలు కూడా లేవు. ఆయన దగ్గర ఉన్నవి ఒక వాలుతలం, కొంత నీరు, నిష్పత్తుల పరిజ్ఞానం, తప్పును దిద్దుకునే ఓపిక. వాటికి తోడు మీ చేతిలో బీజగణితం కూడా ఉంది.

స్వయం పరీక్ష

బావిలో వదిలిన రాయి మొదటి సెకనులో 4.9 మీటర్లు పడింది. రెండవ సెకనులో మాత్రమే ఎంత దూరం పడుతుంది? సూత్రం వాడకుండా, బేసి సంఖ్యల వరుసతో చెప్పండి. తరువాత సూత్రంతో సరిచూసుకోండి.